ఆమ్ మాఫీ వేరు, క్షమాభిక్ష వేరు



నేటి సభలో మేము రెండు మాటలను గురించి చెప్పదలచాము. ఒకటి ఆమ్ మాఫీ, అనగా ఒక వర్గానికంతటికీ కలిపి ప్రకటించే సార్వత్రిక క్షమ. ఆంగ్లంలో ఆమ్నెస్టీ అంటారు. రెండవది క్షమాభిక్ష, అనగా శిక్ష పడిన ఒక వ్యక్తికి ప్రభుత్వం ఇచ్చే క్షమ. దానిని పార్డన్ అంటారు. మన పత్రికలు ఈ రెంటినీ ఒకే మాటతో రాస్తున్నాయి. జైలు నుంచి ఎవరు విడుదలైనా క్షమాభిక్షే, కేసు ఎవరిమీద ఎత్తివేసినా క్షమాభిక్షే. మాట కలగాపులగమైతే నష్టమేమిటని కొందరు అడుగుతారు. నష్టమున్నది. ఫలానా నిర్ణయాన్ని ఎవరు తీసుకోగలరు, దానిని ఏ కోర్టులో ప్రశ్నించవచ్చు, దాని తరువాత ఆ మనిషి చట్టం దృష్టిలో దోషియా నిర్దోషియా అనే మూడు ప్రశ్నలకు జవాబు ఆ మాటలోనే ఉన్నది. కోర్టు గడప తొక్కిన కుటుంబానికి ఈ మూడు ప్రశ్నలకన్నా ముఖ్యమైనవి లేవు.

ఆమ్నెస్టీ అన్న పదం గ్రీకు భాషలోని మరపు అనే మాట నుంచి పుట్టింది. క్రీస్తుపూర్వం 403లో ఏథెన్స్ నగరంలో ముప్పై మంది నిరంకుశుల పాలన కూలిన తరువాత, పాత పగలను తవ్వి తీయరాదని పౌరులు ప్రమాణం చేసుకున్నారు. నిరంకుశులకు మాత్రం ఆ ప్రమాణం వర్తించలేదు. ఆమ్ మాఫీ స్వభావం అప్పటి నుంచీ ఇదే. అది మనుషుల పేర్లు చూడదు, ఒక వర్గాన్నీ ఒక కాలాన్నీ చూస్తుంది. చాలా సందర్భాలలో విచారణ జరగకముందే వస్తుంది. శిక్షను మాత్రమే కాక, నేరాన్నే చట్టం జ్ఞాపకంలో నుంచి తొలగిస్తుంది. సాధారణంగా చట్టసభ చేసే చట్టం ద్వారానో, రాజ్యాధిపతి ప్రకటన ద్వారానో వస్తుంది. తిరుగుబాట్లు, అంతర్యుద్ధాలు ముగిసినప్పుడు శాంతి కోసం ఇస్తారు.

క్షమాభిక్ష ఇందుకు భిన్నం. ఒక పేరు, ఒక కేసు, ఒక శిక్ష. మన దేశంలో రాష్ట్రపతికి 72వ అధికరణం, గవర్నరుకు 161వ అధికరణం ఈ అధికారమిచ్చాయి. 1988లో కేహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక సూక్ష్మమైన మాట తేల్చింది. రాష్ట్రపతి కేసులోని సాక్ష్యాలను మళ్లీ పరిశీలించవచ్చు, వేరే అభిప్రాయానికి రావచ్చు. అయినా ఆయన కోర్టు తీర్పును దిద్దరు, కొట్టివేయరు. తీర్పు రికార్డులో తీర్పుగానే ఉంటుంది, దాని ఫలితం నుంచి మనిషి బయటపడతాడు. ఆమ్ మాఫీ మరిపిస్తుంది. క్షమాభిక్ష జ్ఞాపకం ఉంచుకొనే విడిచిపెడుతుంది.

మన రాజ్యాంగం ఈ రెండవ కోవలోనే ఐదు రకాలను పేర్కొన్నది. మొదటిది పూర్తి క్షమ. రెండవది శిక్ష అమలును తాత్కాలికంగా ఆపడం. ఉరిశిక్ష పడినవారు అర్జీ పెట్టుకున్నప్పుడు జరిగేది ఇదే. మూడవది గర్భం వంటి ప్రత్యేక కారణాన్ని బట్టి తక్కువ శిక్ష ఇవ్వడం. నాల్గవది రెమిషన్, అనగా శిక్ష స్వభావం మార్చకుండా కాలాన్ని తగ్గించడం. ఐదవది ఉరిని యావజ్జీవంగా మార్చినట్లు ఒక రకం శిక్షను మరో రకంగా మార్చడం. 72, 161 అధికరణాల్లో ఆమ్ మాఫీ అన్న మాటే లేదు. 34వ అధికరణం మాత్రం సైనిక శాసనం అమలైన ప్రాంతంలో శాంతిస్థాపన కోసం పనిచేసిన అధికారులకు పార్లమెంటు చట్టం చేసి రక్షణ ఇవ్వవచ్చునంటుంది. ఆమ్ మాఫీకి దగ్గరగా ఉన్న ఈ అధికరణం రక్షించేది అధికారులను కావడం గమనించదగిన విషయం. ఇక రాజకీయ ఒప్పందాల ద్వారా ఆమ్ మాఫీ వచ్చిన సందర్భాలున్నాయి. 1986 జూన్ 30న కుదిరిన మిజోరం ఒప్పందం అందుకు ఉదాహరణ. ఆయుధాలు పట్టిన మిజో నేషనల్ ఫ్రంట్ వాటిని దించింది, దాని నాయకుడు లాల్డెంగా అదే ఏడు ముఖ్యమంత్రి అయ్యారు.

మన పూర్వులకు ఆమ్ మాఫీతో ఎదురైన అనుభవం చేదైనది. 1857 తిరుగుబాటు అణగిన తరువాత, 1858 నవంబర్ 1న అలహాబాదులో గవర్నర్ జనరల్ కానింగ్ విక్టోరియా రాణి ప్రకటనను చదివి వినిపించాడు. ఆయుధాలు దించి ఇళ్లకు మరలినవారికి క్షమ ఉంటుందని అందులో ఉన్నది. దానితోపాటు మినహాయింపులూ ఉన్నాయి. బ్రిటిష్ ప్రజల హత్యలో నేరుగా పాల్గొన్నట్లు రుజువైనవారికి క్షమ లేదు. నాయకత్వం వహించినవారికీ, హంతకులకు తెలిసి ఆశ్రయమిచ్చినవారికీ ప్రాణం మాత్రమే దక్కుతుంది, శిక్ష తప్పదు. 1859 జనవరి 1 లోపు లొంగిపోవాలన్న గడువూ ఉన్నది. అవధ్ బేగం హజ్రత్ మహల్ ఆ ప్రకటనకు తన పక్షాన ప్రతి ప్రకటన వెలువరించి, ఆ మాటలను నమ్మవద్దని ప్రజలను హెచ్చరించారు. ఆమె క్షమ కోరలేదు. నేపాల్‌లో ఆశ్రయం పొంది 1879లో కాఠ్మాండూలో కన్నుమూశారు. మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ ఆ ప్రకటనను నమ్మి తన ఊరికి మరలివచ్చారు. 1859 జనవరిలో ఆయనను అరెస్టు చేశారు. విచారించి అండమాన్‌కు పంపారు. 1861లో అక్కడే మరణించారు. హైదరాబాదులో 1857 జూలై 17న రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌నూ 1859లో అండమాన్‌కే పంపారు.

ఒకే ప్రకటన. దానిని చదివి నమ్మనివారు ప్రవాసంలో స్వేచ్ఛగా మరణించారు. నమ్మినవారు జైలులో మరణించారు. ఆమ్ మాఫీలో ప్రాణమంతా మినహాయింపుల్లోనూ గడువులోనూ ఉంటుందన్నది ఈ చరిత్ర చెప్పే పాఠం. పైన పెద్ద అక్షరాలతో ఉన్న క్షమ అన్న మాటను చూసి సంబరపడక, కింద ఎవరిని వదిలేశారో చూడాలి. అలాగని ప్రతి ఆమ్ మాఫీ మోసం కాదు. 1919 డిసెంబరులో బ్రిటిష్ రాజు చేసిన ప్రకటన వల్ల అలీ సోదరులు మౌలానా ముహమ్మద్ అలీ, షౌకత్ అలీ నిర్బంధం నుంచి బయటపడి నేరుగా అమృత్‌సర్ కాంగ్రెస్ సభలకు చేరుకున్నారు. మరుసటి ఏడు ఖిలాఫత్ ఉద్యమం ఉధృతమైంది. ఇచ్చేవాడి అవసరం, తీసుకొనేవాడి తెలివి రెండూ కలిసి ఆమ్ మాఫీ ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

ఇక మన కాలానికి వద్దాం. 2002 గుజరాత్ మారణకాండలో తన మూడేళ్ల బిడ్డతో సహా కుటుంబ సభ్యులను కోల్పోయి, సామూహిక అత్యాచారానికి గురైన బిల్కిస్ బానో కేసును గుర్తుచేసుకుందాం. న్యాయమైన విచారణ కోసం సుప్రీంకోర్టు ఆ కేసును గుజరాత్ నుంచి మహారాష్ట్రకు మార్చింది. 2008 జనవరిలో ముంబయి కోర్టు పదకొండు మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం ఆ పదకొండు మందినీ విడుదల చేసింది. పత్రికలు క్షమాభిక్ష అని రాశాయి. అది పూర్తి క్షమా కాదు, ఆమ్ మాఫీ అసలే కాదు. అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 432వ సెక్షన్ కింద ఇచ్చిన రెమిషన్.

ఈ తేడా తెలియడం వల్లనే ఆ కేసు నిలిచింది. పార్లమెంటు చట్టం ద్వారా వచ్చిన ఆమ్ మాఫీ అయివుంటే, ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని నిరూపించవలసి వచ్చేది. రాష్ట్రపతి క్షమ అయివుంటే కోర్టు పరిశీలన పరిధి చాలా ఇరుకుగా ఉండేది. రెమిషన్ గనుక, ఆ సెక్షన్ చెప్పిన ప్రతి మెట్టునూ కోర్టు పరిశీలించింది. శిక్ష ఏ రాష్ట్రంలోని కోర్టు వేసిందో ఆ రాష్ట్ర ప్రభుత్వానికే రెమిషన్ ఇచ్చే అధికారమున్నదని చట్టం చెబుతున్నది. శిక్ష వేసింది ముంబయి కోర్టు, అధికారం మహారాష్ట్రది. 2024 జనవరి 8న జస్టిస్ నాగరత్న, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌లతో కూడిన ధర్మాసనం విడుదల ఉత్తర్వులను కొట్టివేసి, రెండు వారాల్లో జైలుకు తిరిగి వెళ్లవలసిందని ఆదేశించింది. గుజరాత్ ప్రభుత్వమే పరిశీలించాలన్న 2022 మే నాటి ఉత్తర్వును వాస్తవాలు దాచి పొందారని కూడా తేల్చింది. బాధితురాలి పక్షాన నిలిచినవారు కేవలం ఆక్రోశించి ఊరుకోలేదు. అది రెమిషన్ అని గుర్తించి, రెమిషన్ నియమాల మీదే పోరాడారు.

క్షమాభిక్షను అసలు ప్రశ్నించలేమన్న అపోహ కూడా మనలో ఉన్నది. దానికి జవాబు మన తెలుగు నేలపై నుంచే వెళ్లిన కేసులో ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శిక్ష అనుభవిస్తున్న ఒక రాజకీయ కార్యకర్తకు గవర్నర్ మిగిలిన శిక్షను రద్దు చేసినప్పుడు, హతుని కుమారుడే సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఏపూరు సుధాకర్ కేసుగా అది ప్రసిద్ధి. అధికారుల నివేదికలో ఆ ఖైదీ ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అన్న మాట చోటుచేసుకున్నది. 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేస్తూ, కులం, మతం, రాజకీయ విధేయత ఆధారంగా క్షమ ఇవ్వరాదని స్పష్టం చేసింది. క్షమాభిక్ష అన్న తెలుగు మాటలో భిక్ష ఉన్నందున అది దాత ఇష్టమని మనకు తోస్తుంది. రాజ్యాంగంలో అది భిక్ష కాదు, ప్రజల తరఫున నిర్వహించవలసిన బాధ్యత. బాధ్యత గనుకనే లెక్క అడగవచ్చు.

సోదర సోదరీమణులారా, ఆమ్ మాఫీ అన్న పేరు పెట్టకుండానే ఆమ్ మాఫీ ఇచ్చే దొడ్డిదారి ఒకటున్నది. దాని పేరు కేసుల ఉపసంహరణ. పాత కోడ్‌లో 321వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 360వ సెక్షన్. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో కేసును వెనక్కు తీసుకోవచ్చు. అభియోగాల నమోదుకు ముందైతే నిందితుడు డిశ్చార్జి అవుతాడు. నమోదైన తరువాతైతే నిర్దోషిగా విడుదలవుతాడు. ఒక అల్లర్ల ఘటనకు సంబంధించిన కేసులన్నిటినీ ఇలా వెనక్కు తీసుకుంటే, ఏ చట్టసభా చర్చించకుండానే ఆమ్ మాఫీ అమలైనట్లే.

ఇది ఊహ కాదు. 2013లో ముజఫర్‌నగర్ అల్లర్లలో 60 మందికి పైగా మరణించారు, వేల కుటుంబాలు ఊళ్లు విడిచాయి. ఆ అల్లర్లకు సంబంధించిన 77 కేసులను ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఉపసంహరించిందనీ, ఉత్తర్వుల్లో కారణాలు చెప్పలేదనీ 2021 ఆగస్టులో సుప్రీంకోర్టుకు కోర్టు సహాయకుడు నివేదించారు. అప్పుడే కోర్టు, ప్రస్తుత, మాజీ ఎంపీలు, ఎమ్మెల్యేలపై ఉన్న కేసులను ఆయా హైకోర్టుల అనుమతి లేకుండా ఉపసంహరించరాదని ఆదేశించింది. ఆ ఆదేశం ప్రజాప్రతినిధుల కేసులకే పరిమితం. మామూలు నిందితుల కేసుల్లో కాపలా కాయవలసింది బాధితులూ, వారి వెనుక నిలిచే మనమూ.

చిన్న పట్టణంలో గొడవ జరిగి, నాలుగు దుకాణాలు తగలబడి, ఒకరిద్దరి ప్రాణాలు పోయిన తరువాత శాంతి కమిటీ కూర్చుంటుంది. ఇరువైపులా కేసులు ఎత్తివేసుకుందాం, అంతా మరచిపోదాం అన్న ప్రతిపాదన వస్తుంది. మన పెద్దలు కూడా, పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగే మన పిల్లలను తలచుకొని, సరేనంటారు. వారి ఆందోళన మాకు తెలుసు. వారిని తప్పుపట్టడం లేదు. అయితే ఒక్క క్షణం తూకం వేయండి. ఒకవైపు రాయి విసిరాడన్న ఆరోపణ, ఇంకోవైపు హత్య, గృహదహనం ఆరోపణ. రెండూ ఎత్తివేస్తే సమానం కాదు. పైగా హత్య, గృహదహనం వంటివి చట్టంలో రాజీకి వీలులేని నేరాలు. శాంతి కమిటీకి గానీ, జమాత్ పెద్దలకు గానీ, శాసనసభ్యుడికి గానీ వాటిని మాఫీ చేసే అధికారం లేదు. మన పిల్లలపై అబద్ధపు కేసు ఉంటే, దానిని అబద్ధమని నిరూపించే దారి వేరు. దానికి ప్రతిఫలంగా ఒక విధవరాలి న్యాయాన్ని అమ్మే హక్కు మనలో ఎవరికీ లేదు.

మరచిపోకపోవడం వల్ల ఏమి లాభమని అడిగేవారికి హాషింపురా జవాబు. 1987 మే 22న మీరట్ నగరంలోని ఆ వాడ నుంచి ముస్లిం యువకులను, పెద్దలను సాయుధ పోలీసులు లారీలో ఎక్కించుకొని పోయి కాల్చి కాలువల్లో పడవేశారు. సుమారు 40 మంది మరణించారు. 2015లో కింది కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. 2018 అక్టోబరు 31న ఢిల్లీ హైకోర్టు 16 మంది మాజీ సిబ్బందికి యావజ్జీవ శిక్ష వేసింది. 31 ఏళ్లు ఆలస్యమైన న్యాయం సంపూర్ణ న్యాయమని మేము అనము. కానీ మధ్యలో ఎక్కడైనా ఒక ఆమ్ మాఫీ వచ్చివుంటే, ఒక ఉపసంహరణ జరిగివుంటే, ఆ తీర్పు రాయడానికి కేసే మిగిలేది కాదు.

అయితే ఆమ్ మాఫీకి మేము సంపూర్ణంగా వ్యతిరేకమా? కాదు. దక్షిణాఫ్రికా అనుభవాన్ని చూడండి. జాత్యహంకార పాలన ముగిసిన తరువాత 1995లో చేసిన చట్టం, సత్య సయోధ్య కమిషన్‌కు క్షమ ఇచ్చే ఏర్పాటు చేసింది. ఊరకే ఇవ్వలేదు. చేసిన నేరం రాజకీయ లక్ష్యంతో చేసినదై ఉండాలి, దానిని గురించిన సత్యమంతా దాచకుండా చెప్పాలి. ఘోరమైన నేరాలైతే బహిరంగ విచారణలో, బాధితుల కుటుంబాల ఎదుట చెప్పాలి. ఏడు వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. క్షమ దొరికింది వేయి మందికి లోపే. స్టీవ్ బికో మరణానికి బాధ్యులైన పోలీసుల దరఖాస్తులను 1999లో తిరస్కరించారు. ఈ ఏర్పాటు న్యాయాన్ని హరిస్తున్నదని బికో కుటుంబం ముందే రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. 1996లో ఓడిపోయింది. అంటే అక్కడి బాధితులందరూ సంతృప్తి చెందారని కాదు. అయినా, అక్కడ క్షమకు సత్యం వెలగా పెట్టారు. క్షమ అడగనివారి ఫైలు మూతపడలేదు. 1969లో కేప్‌టౌన్‌లో పోలీసు నిర్బంధంలో మరణించిన ఇమామ్ అబ్దుల్లా హారూన్ మెట్లపై నుంచి జారిపడ్డారని పాత విచారణ తేల్చింది. 2023 అక్టోబరులో న్యాయస్థానం ఆ మాటను తోసిపుచ్చి, పోలీసుల చిత్రహింసల వల్లనే మరణించారని ప్రకటించింది.

ఇప్పుడు మన ఇళ్లలోని విషయానికి వద్దాం. నిర్దోషికి ఆమ్ మాఫీ అక్కరలేదు, క్షమాభిక్షా అక్కరలేదు. అతనికి కావలసింది నిర్దోషి అన్న తీర్పు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత హైదరాబాదులో ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు, హింసించారు. కేసులు పెట్టినవారిని కోర్టులు నిర్దోషులుగా విడిచిపెట్టాయి. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసుపై రాష్ట్ర ప్రభుత్వం వారికి నష్టపరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పరిహారం నిలవలేదు, కాని నిర్దోషి అన్న తీర్పు నిలిచింది. ఆ పిల్లలను ఆనాడు ఎవరైనా మీ కేసులు మాఫీ చేయిస్తాము, సంతకం పెట్టండి అని ఒప్పించివుంటే, జీవితాంతం వారిపై మాఫీ పొందినవారన్న ముద్ర ఉండేది. ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు, పెళ్లి సంబంధానికి పోలీసు విచారణ వచ్చిన ప్రతిసారీ ఆ ముద్ర బయటపడేది.

కనుక విచారణలో ఉన్న మన పిల్లల విషయంలో మనం వాడవలసిన మాటలు బెయిల్, సత్వర విచారణ, డిశ్చార్జి, నిర్దోషిత్వం. ఈ మాటల స్థానంలో క్షమ అన్న మాటను మన వినతిపత్రాల్లో రాయకూడదు. చేయని నేరానికి క్షమ కోరడం, చేశామని ఒప్పుకోవడంతో సమానంగా ఎదుటివారు చదువుతారు.

శిక్ష పడి, అప్పీళ్లు ముగిసినవారి విషయం వేరు. అక్కడ క్షమను కోరడం హక్కు, సిగ్గుపడవలసినది కాదు. ఉరిశిక్ష పడగల నేరంలో యావజ్జీవం పడినవారు రెమిషన్ పొందాలన్నా, చట్టం ప్రకారం కనీసం 14 ఏళ్లు జైలులో గడపాలి. శిక్ష పడిన నాటి రెమిషన్ విధానాన్ని చూడాలి. తరువాత వచ్చిన విధానం ఇంకా ఉదారమైనదైతే దాని మేలు దక్కాలని 2010లో జగదీశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విధానం ఉన్న రాష్ట్రాల్లో ఖైదీ దరఖాస్తు పెట్టకున్నా, అర్హత వచ్చినప్పుడు ప్రభుత్వమే అతని పేరును పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో అదే కోర్టు ఆదేశించింది. జైలులో ఉన్న మనవాడి పేరు ఆ జాబితాలో ఉందా లేదా, లేకుంటే కారణమేమిటి అని రాతపూర్వకంగా అడగడం ప్రతి కుటుంబం చేయదగిన పని.

ఉరిశిక్ష విషయంలో గడువులు ఇంకా కఠినం. కొత్త సంహితలోని 472వ సెక్షన్ ప్రకారం, అప్పీలు తిరస్కరణను జైలు అధికారి తెలిపిన 30 రోజుల్లో గవర్నరుకు అర్జీ పెట్టవచ్చు. అక్కడ తిరస్కరిస్తే 60 రోజుల్లో రాష్ట్రపతికి పెట్టవచ్చు. 2013 ఫిబ్రవరి 9న అఫ్జల్ గురును ఉరితీశారు. ఆ సమాచారం తెలిపే ఉత్తరం కుటుంబానికి ఉరి తరువాతే చేరింది. మరుసటి ఏడు జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు, క్షమాభిక్ష తిరస్కరణను ఖైదీకీ కుటుంబానికీ ముందుగా తెలపాలని, ఆ తరువాత కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలని నియమం పెట్టింది. దోషి అయినా సరే, అతని తల్లికి కడసారి చూపు దక్కాలన్నది మానవ ధర్మం. దానిని చట్టం కూడా ఇప్పుడు అంగీకరించింది.

ఆమ్ మాఫీ అన్న మాట మన తెలుగు ఊళ్లలో నిత్యం వినిపించే చోటు ఇంకొకటున్నది. అది గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి, వీసా గడువు ముగిసో, యజమాని నుంచి తప్పించుకొనో ఖల్లివెల్లిగా మిగిలినవారు ఆమ్నెస్టీ కోసం ఎదురుచూస్తారు. కువైట్ 2018లోనూ 2020లోనూ ఇచ్చింది. యూఏఈ 2024 సెప్టెంబరు 1న మొదలుపెట్టి డిసెంబరు 31 వరకు పొడిగించింది. ఇది అసలైన ఆమ్ మాఫీ. పేరు చూడదు, గడువుంటుంది, జరిమానా తుడిచేస్తుంది. కానీ దానికీ హద్దులున్నాయి. అది నివాస చట్టాన్ని అతిక్రమించినందుకు మాత్రమే. క్రిమినల్ కేసు, బ్యాంకు అప్పు, ప్రయాణ నిషేధం ఉన్నవారికి అది చాలదు. యజమాని ఎగ్గొట్టిన జీతాన్నీ అది తెచ్చిపెట్టదు. ప్రభుత్వానికి మనం పడిన బాకీని మాఫీ చేసే పత్రమది, మనకు యజమాని పడిన బాకీని వసూలు చేసే పత్రం కాదు. తిరుగు ప్రయాణానికి ముందే జీతం బాకీల వివరాలు రాయబార కార్యాలయంలో నమోదు చేయించమని మీ పిల్లలకు చెప్పండి.

అక్కడ హత్య కేసులో చిక్కుకున్నవారికి ఆమ్నెస్టీ పనిచేయదు. హతుని వారసుల క్షమ కావాలి. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన కార్మికులు కొందరు దుబాయి జైలులో దాదాపు 18 ఏళ్లు గడిపి 2024లో ఇల్లు చేరినప్పుడు, క్షమకోసం ఎన్ని దేశాల గడపలు తొక్కవలసి వచ్చిందో మనం పత్రికల్లో చదివాము.

ఇక్కడే మన ధర్మశాస్త్రం చెప్పే ఒక సూత్రం ఈ చర్చకంతటికీ వెలుగునిస్తుంది. హుఖూఖుల్లాహ్ వేరు, హుఖూఖుల్ ఇబాద్ వేరు. దైవం పట్ల చేసిన తప్పు దైవం క్షమించేది. తోటి మనిషి పట్ల చేసిన తప్పును ఆ మనిషే క్షమించాలి. పాలకుడు తన తరఫున శిక్ష తగ్గించగలడేమో గాని, బాధితుని బదులు క్షమించలేడు. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయం నాడు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఇరవై ఏళ్లు తమను హింసించిన నగరానికి ఆమ్ మాఫీ ప్రకటించారు. ప్రకటించినవారే అందరికంటే ఎక్కువ బాధపడినవారు. హింసకు గురైనవారి నోట వచ్చిన క్షమ అది, హింసించినవారు తమకు తామే రాసుకున్నది కాదు. ఆ ప్రకటన నుంచి కొద్దిమంది పేర్లను మినహాయించారు. వారిలో ఒకరైన ఇక్రిమా బిన్ అబూజహల్‌కు ఆయన భార్య ఉమ్మె హకీమ్ వచ్చి అభయం కోరినప్పుడు విడిగా క్షమ లభించింది. ఒకే సంఘటనలో ఆమ్ మాఫీ కనిపిస్తుంది, వ్యక్తిగత క్షమా కనిపిస్తుంది. రెంటి మధ్య గీతా కనిపిస్తుంది.

ఈ సూత్రంతో నేటి ప్రభుత్వాలను కొలిచి చూడండి. బిల్కిస్ బానో దోషులను వదిలిపెట్టే ముందు ఆమెను అడిగారా? ముజఫర్‌నగర్ కేసులు వెనక్కు తీసుకునే ముందు ఊళ్లు విడిచిన కుటుంబాలను పిలిచారా? క్షమ మంచిదే. కాని నష్టపోయినవారి నోరు మూసి, వారి పేరున ఇంకొకరు క్షమించడాన్ని క్షమ అనలేము.

కనుక ఈ సభ ద్వారా మూడు కోరికలు ప్రభుత్వాల ముందుంచుతున్నాము. రెమిషన్ గానీ, క్షమాభిక్ష గానీ, కేసు ఉపసంహరణ గానీ జరిగే ముందు బాధిత కుటుంబానికి నోటీసు ఇచ్చి వారి మాట వినాలి. ఇచ్చినా, నిరాకరించినా కారణాలు రాసి బహిరంగపరచాలి. జైలులో అర్హత పొందిన ఖైదీల జాబితా తయారుచేసేటప్పుడు మతం, కులం, పార్టీ చూడరాదు. ఈ మూడూ మన సముదాయానికి మాత్రమే కావలసినవి కావు. ఏపూరు సుధాకర్ ముస్లిం కాదు, ఆయన గెలిచిన న్యాయం అందరిదీ అయింది.

మనలో ప్రతి ఒక్కరికీ ఒక మనవి. రేపు మీ ఎదుటికి ఏ కాగితమైనా వచ్చి, క్షమ అన్న మాట అందులో కనిపిస్తే, సంతకానికి ముందు అడగండి. ఇచ్చేది ఎవరు? ఏ సెక్షన్ కింద? తుడిచేది నేరాన్నా, శిక్షనా? మినహాయింపులో ఎవరున్నారు? గడువెప్పుడు? బాధపడినవారిని అడిగారా? వీటికి జవాబులు దొరికిన తరువాతే కలం తీయండి. జవాబు తెలియకుంటే న్యాయవాదిని కలవండి, మసీదు కమిటీలోని చదువుకున్న పిల్లలను కూర్చోబెట్టి చదివించుకోండి. ఖైరాబాదీ వంటి మహా పండితుడిని ఒక ప్రకటన అండమాన్‌కు చేర్చింది. మన ఇళ్లలోని పిల్లలను అలాంటి కాగితాల పాలు చేయకుండా చూసుకోవడం మన బాధ్యత.

అల్లాహ్ మనకు న్యాయం పక్షాన నిలిచే ధైర్యాన్నీ, క్షమించగల హృదయాన్నీ, ఆ రెంటి మధ్య తేడా తెలుసుకునే వివేకాన్నీ ప్రసాదించుగాక.